ముందరి బండివాని మౌనం

డిటెక్టివ్ ప్రభుదాసు రోడ్డు మీద బోర్లా పడుకొని ఉండగా సూర్యుడు బారెడు పైకి వచ్చాడు. దూరం నుండి చూచేవారికి అది సాష్టాంగ నమస్కారం వలె కనిపించి ఉండాలి. అలా కనిపించటంలో తప్పేమీ లేదు. కర్నూలు రాజధాని అయిన నాటి నుండి కర్నూలు దిక్కుకు మొగం పెట్టిన ప్రతి బండ్లబాటకూ తాను రాజమార్గమన్న గర్వం పుట్టింది. నిన్నమొన్నటి దాక రెండు పత్తిబండ్లు ఎదురైతే ఒకటి చేనిలోకి దిగి రెండవదానికి దారి ఇచ్చిన ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డును, ఇప్పుడు రెండు లారీలు పరస్పరం మర్యాదకు భంగం కలగకుండా దాటిపోయేటంత వెడల్పు చేస్తున్నారు. బస్సులు పెరిగాయి. మిల్లులకు పోయే లారీలు పెరిగాయి. నాగరకత ఏ లోటూ చేయకుండా ఒక హత్యను కూడ వెంట తెచ్చుకున్నది.

జరిగినది ఇది. ఎమ్మిగనూరుకు నాలుగు మైళ్ళ దూరాన తుమ్మలవంక మీది పాత మోరీని వెడల్పు చేయటానికి పగలగొట్టి, బండ్లు పోవటానికి పక్కగా తాత్కాలికపు దారి వేశారు. సోమవారం తెల్లవారి కూలీలు వచ్చేసరికి ఓవర్సీరు వెంకోబరావు ఆ మోరీ గోతిలో తల పగిలి పడి ఉన్నాడు. రాత్రిళ్ళు ఎర్రలాంతరు పెట్టుకొని కావలి ఉండే సుంకప్ప జాడ లేదు. ఆదివారం రాత్రి ఆ దారిన పోయినవి ఆదోని మార్కెట్టుకు బయలుదేరిన గోనెగండ్ల పత్తిబండ్లు మాత్రమే. వాటిలో ముందరి బండి తోలిన జయన్నను పోలీసులు మార్కెట్టులోనే పట్టుకున్నారు. వాని పత్తిలో ఓవర్సీరు గొడుగు దొరికింది. ఈనాడు బుధవారం. సాయంకాలపు బస్సులో జయన్నను కర్నూలుకు తీసుకుపోతారు. ఆపైన వాని మెడలో పడేది పూలమాల కాదని గ్రహించటానికి డిటెక్టివు అక్కరలేదు.

అయినా జయన్న భార్య హులిగమ్మ గుంతకల్లు దాక పోయి డిటెక్టివును పిలుచుకువచ్చింది. ప్రభుదాసు అంతకుముందు రైల్వేలో పోయిన పత్తిబేళ్ళ ఆచూకీ తీసే ఉద్యోగం చేశాడు. బేలు కంటె మనిషిని వెదకటం తేలిక అని ఆయన సిద్ధాంతం. బేలు అబద్ధం చెప్పదు, కాబట్టి దొరకదు; మనిషి అబద్ధం చెప్పి దొరికిపోతాడు.

"ఏమప్పా, రోడ్డుకు నొప్పేమన్నా ఉందేమో అని సెవి పెట్టి ఇంటాండావా?" అన్నది తిమ్మక్క. గోనెపట్టా నీడన కూర్చుని కంకర కొట్టుతున్న ఆమె సుత్తి అప్పటికి చాలాసేపటి నుండి ఆగి ఉంది.

"నొప్పి ఉంది తిమ్మక్కా. యాడ ఉందో తెలుస్తలేదు. ఈ రాళ్ళకు సున్నం ఎవరు కొట్టినారు?"

తాత్కాలికపు దారికి రెండు పక్కలా సున్నం కొట్టిన రాళ్ళు వరుసగా పేర్చి ఉన్నాయి. బండివాండ్లు నిద్రపోయినా ఎద్దులు ఆ తెల్లని వరుసల నడుమ నడిచి క్షేమంగా అవతలికి చేరుతాయి. గవర్నమెంటు ఆజ్ఞలను అంత నమ్మకంగా పాటించేవి ఈ తాలూకాలో ఎద్దులు మాత్రమే.

"నేనే. రాళ్ళు పెట్టినంక బకెట్టు పట్టుకొని ఒంగి ఒంగి కొట్టినా. నడుము ఇరిగె."

"ఆ తరువాత మల్లా కదిలించినావా?"

"నాకేం వేరే పని లేదా?"

ప్రభుదాసు లేచి బట్టలు దులుపుకున్నాడు. సున్నం కారి నేల మీద ఏర్పడిన తెల్లని చుట్లు ఒక చోట ఉన్నాయి. రాళ్ళు జానెడు ఇవతల ఉన్నాయి. కొన్ని రాళ్ళు సున్నం లేని పొట్టలు పైకి పెట్టి వెల్లకిలా పడి ఉన్నాయి. ఎవరో వాటిని తీసి, మరల చీకటిలో తడుముకుంటూ పెట్టారు.

తీసినప్పుడు వాటిని ఎక్కడ పెట్టి ఉంటారు? ఆయన నేల చూస్తూ నడిచాడు. వెడల్పు చేసిన భాగంలో కొత్తగా గరుసు మన్ను పరిచారు. ఇంకా బండ్లను రానివ్వక తాడు కట్టి ఉంచారు. ఆ తాడు అవతల, రాళ్ళు పొదిగినంత గుంటలు వరుసగా, విల్లు వంపున తిరిగి ఉన్నాయి. ఆ వంపు వెంట ఇనుప కమ్మీల చక్రాల జాడలు ఒకదాని మీద ఒకటి పడి, వచ్చిన దిక్కుకే, అంటే ఎమ్మిగనూరు దిక్కుకే మళ్ళిపోయాయి.

ప్రభుదాసు వాటిని చూచి నవ్వలేదు. ఎవరి కొంప మునుగుతుందో తెలిసేదాక ఆయన నవ్వడు.

"సోమవారం పొద్దున నువ్వే గదా ముందు వచ్చినది? ఇంకేమన్నా వింత కనిపించెనా?"

"ఓవర్సీరయ్య పీనుగ కంటె వింతేముంటాది? నేను దాన్ని సూడకనే రోలరు కాడికి పోయినా, బోకులు కడుగుదామని. కొళాయి తిప్పితే సెయ్యి సుర్రుమనె. సేతికి బొబ్బ లేసింది, సూడు."

ప్రభుదాసు చేతిని కాదు, రోలరును చూచాడు. ఆవిరి రోలరు, నల్లగా, బండచక్రాలతో, భోజనం చేసి కూర్చున్న జమీందారు వలె రోడ్డు పక్కన ఉంది.

"ఆదివారం రోలరు నడిచెనా?"

"ఎవరు నడుపుతారు? శనివారం సాయంత్రం కూలి ముట్టినాక అందరమూ మా మా ఊర్లకు పోతిమి. డ్రైవరు ఏసన్న చర్చీ అని ఎమ్మిగనూరుకు పాయ. సోమారం పొద్దునకు గదా వచ్చినాము."

"శనివారం ఎంతదాక తొక్కినాడు?"

"ఈడిదాకనే, నా కంకర కుప్ప ఎదురుగా."

రోలరు తొక్కిన నున్నని రోడ్డు ఆమె కుప్పను దాటి ఇంకొక బండి పొడుగు ముందుకు పోయి ఉంది. సోమవారం నుండి పోలీసులు రోలరు పని ఆపించారు. ప్రభుదాసు ఆ నున్నని నేల మీద అడుగు పెట్టబోయి, పక్కకు తిరిగి నడిచాడు.

ఎమ్మిగనూరు పోలీసు స్టేషను మెట్ల మీద హులిగమ్మ ముడుచుకొని కూర్చుని ఉంది. లోపల ఇన్‌స్పెక్టరు వీరభద్రప్ప కుర్చీలో దిగ్విజయం ముగించుకొని వచ్చిన చక్రవర్తి వలె వెనుకకు వాలి ఉన్నాడు. ఆయన మీసం ఆయన కంటె ముందు ప్రమోషను పొందినట్లుండేది. పక్క బెంచీ మీద రోడ్డు కంట్రాక్టరు చెన్నబసప్ప మెడకు మఫ్లరు చుట్టుకొని టీ తాగుతున్నాడు. ప్రభుదాసు నమస్కారం చేస్తే గొంతు చూపించి తల అడ్డంగా ఊపాడు.

"ఆయనకు గొంతు పడిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మూడు దినాల నుండి మాట లేదు. ఓవర్సీరు పోయినాడని అంత దిగులు. నీ మాదిరి ఊరికే మాట్లాడేవాళ్ళకు ఆ దిగులు అర్థం కాదులే ప్రభుదాసూ."

"అట్లే కానీండి. మీ కేసు ఒక్కసారి వినిపిస్తారా?"

"పోయిన వారం కొత్తరోడ్డు మీదికి ఇనుప కమ్మీల బండి ఎక్కించినాడని వెంకోబరావు ఈ జయన్న ఎద్దును గొడుగుతో పొడిచినాడు. 'ఇంకొకసారి నా ఎద్దు మీద చెయ్యేస్తే ఈ వంకలోనే పూడుస్తా' అని వీడు అందరి ముందరా అరిచినాడు. ఆ గొడుగే వీని బండిలో దొరికె. మిల్లు పొద్దుటి కూతకు ఆదోని చేరవలసిన బండ్లు మధ్యాహ్నపు కూతకు చేరినాయి. నడుమ నాలుగు గంటలు ఏం చేసినారంటే వీడూ చెప్పడు, వెనుక బండ్లవాళ్ళూ చెప్పరు. కావలి సుంకప్ప కండ్లారా చూచి, భయపడి యాడికో పారిపోయినాడు. ఇంకేం కావాలప్పా నీకు? వెంకోబరావే వచ్చి సాక్ష్యం చెప్పల్లనా?"

"ఆయన చెప్పగలిగితే మన ఇద్దరికీ పని ఉండేది కాదు. జయన్నతో ఒక మాట మాట్లాడతాను."

"మాట్లాడుకో. వాడు మాట్లాడితే గదా."

జయన్నను తెచ్చి నిలబెట్టారు. నలభై ఏండ్ల మనిషి, బక్కగా, కాడి మోసినవాని వలె ముందుకు వంగిన మెడతో ఉన్నాడు. ప్రభుదాసు హత్య మాట ఎత్తలేదు.

"మీ ఊరి బండ్లలో ముందరి బండి ఎప్పటి నుండి మీదే, జయన్నా?"

వాని కండ్లు లేచాయి. "మా తాత కాలం నుండి సామీ. మా నాయన తోలినాడు. ఇప్పుడు నేను."

"ముందరి బండివాడు నిద్రపోగూడదు గదా?"

వాని కండ్లు మరల నేలకు దిగాయి.

"వెనుక వాళ్ళందరూ నిద్రపోతారు. వాళ్ళ ఎద్దులు ముందు బండి వెంట నడుస్తాయి. అంతా నీ మీద నమ్మకం. ఎవడన్నా పోకిరి వచ్చి నీ ఎద్దులను వెనక్కు మళ్ళిస్తే బండ్లన్నీ మళ్ళుతాయి. తెల్లవారి లేచి చూస్తే బయలుదేరిన ఊరే ఎదురుగా ఉంటుంది. అట్లా మళ్ళిన బండివాని ఇంటికి ఏం పేరు పెడతారు మీ పక్క?"

జయన్న గోడ పట్టుకున్నాడు. మెట్ల మీద నుండి హులిగమ్మ లోపలికి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"తిరుగుబండోళ్ళు అంటారు," అన్నది ఆమె నెమ్మదిగా. "మనమళ్ళకు కూడ పోదు ఆ పేరు. పిల్లనియ్యరు. ముందరి బండి ఇంకొకరికి ఇస్తారు."

"నువ్వు నోరు మూసుకో," అన్నాడు జయన్న.

"మూసుకుంటే నీకు ఉరి పడతాది గదయ్యా."

"పడనీ. ఉరి తీస్తే నేను ఒక్క పొద్దే సస్తా. ఈ మాట బయటపడితే నా పిల్లోళ్ళు దినామూ సస్తారు."

ఇన్‌స్పెక్టరు కుర్చీలో ముందుకు వంగాడు. ప్రపంచంలో ఉరికంటె పెద్ద శిక్ష ఒకటి తన చట్టాల పుస్తకంలో లేకుండా ఉన్నదని ఆయనకు అప్పుడే తెలిసింది.

"చక్రాల జాడలు చూచి వచ్చినాను జయన్నా," అన్నాడు ప్రభుదాసు. "నువ్వు చెప్పకున్నా రోడ్డు చెప్పింది. నువ్వు అట్లా ఎద్దులను గమనించకుండా పోవటానికి కారణం కూడ చెప్పింది. పాత రోడ్డయితే అంత ఇరుకులో బండి మళ్ళితే చక్రం గుంతలో పడి అందరూ లేచేవాళ్ళు. వెడల్పు చేసిన రోడ్డు కాబట్టి ఉయ్యాలతొట్టిలో బిడ్డ కదలనట్లు మళ్ళించినారు. తప్పు నీది కాదు, రోడ్డుది. ఇంక చెప్పు."

జయన్న గోడ వదిలి చెప్పాడు. "రెండు దినాలు పత్తి విడిపించి కండ్లు మూయక ఉంటి సామీ. వంక కాడ తెల్లరాళ్ళు కనిపించినాయి. ఎద్దులే పోతాయిలే అని రెప్ప వాల్చినా. నిద్రలో ఎవరో 'బా బసవా, బా' అని కన్నడంలో ఎద్దులను రమ్మని మెత్తగా పిలిచినట్ల ఉండె. కలేమో అనుకుంటి. మల్లా మెలకువ వచ్చేతలికి మగ్గాల సప్పుడు ఇనపడె. ఎమ్మిగనూరు సాలోళ్ళ మగ్గాలు వెనుక ఉండాల్సినవి ముందర ఇనపడె. పానం పోయె. ఎనక్కు మళ్ళించి, అందరినీ లేపి, కాడి మీద సెయ్యి ఏయించి ఒట్టు పెట్టించుకుంటి, ఎవరికీ సెప్పగూడదని. మల్లా వంక దాటేటప్పుడు చీకటే. గోతిలోకి సూడలేదు."

"గొడుగు?"

"ఎవరు పెట్టినారో నాకేం ఎరుక? నేను నిద్రపోతాండినా గదా."

"ఆ గొంతు మళ్ళీ వింటే గుర్తు పడతావా?"

"సచ్చినా మరువను సామీ. నా బతుకు మీద మన్ను పోసిన గొంతు అది."

చెన్నబసప్ప గ్లాసు బెంచీ మీద పెట్టి, మఫ్లరును ఇంకొక చుట్టు చుట్టుకున్నాడు. మాఘమాసపు మధ్యాహ్నం, స్టేషనులో అందరికీ చెమట పడుతున్నది.

"కథ బాగుంది," అన్నాడు వీరభద్రప్ప. "బండ్లు మళ్ళినాయి. అయితే? ఎవడో పోకిరి వేసిన వేళాకోళం."

"వేళాకోళానికి ఓవర్సీరు గొడుగు పత్తిలో పెడతారా? ఇన్‌స్పెక్టరుగారూ, ఒక మనిషి తల పగలగొట్టటానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎంతసేపేమి, చిటికెలో పని."

"మరి ఆ చిటికె పని కోసం నాలుగు గంటలు రోడ్డు ఖాళీ చేయించుకున్నవాడు ఏం చేసినట్లు? బండ్లు వినగూడని చప్పుడేదో చేసినాడు. ఆవిరి రోలరు కాగటానికే రెండు గంటలు కావాలి. శనివారం చల్లారిన రోలరులో సోమవారం పొద్దున నీళ్ళు చెయ్యి కాలేటంత వేడిగా ఉన్నాయి."

"నువ్వు చెప్పేది..."

"సుంకప్ప పారిపోయినాడని చెప్పినవారెవరు? ఎవరూ చూడలేదు. ఆయన కనిపించలేదు, అంతే. రోడ్డు తవ్వించండి."

"సర్కారు రోడ్డు అది. నీ రైలు పెట్టె కాదు సీలు తీసి చూడటానికి. ఏమీ దొరకకపోతే?"

"మీ కేసు మీకుంటుంది. సాయంకాలం బస్సు ఎక్కించండి. సుంకప్ప దొరికితే మాత్రం వీనిని వదలాలి. నిద్రపోతున్న బండివాడు రోలరు తోలినాడని ఏ కోర్టులోనూ మీరు చెప్పలేరు."

వీరభద్రప్ప మీసం రెండు కొసలూ ఒకదానితో ఒకటి సంప్రదించుకున్నాయి. "నడువు," అన్నాడు లేచి. "ఏమీ లేకపోతే ఆ గుంతను నీ చేతనే పూడిపిస్తా."

చెన్నబసప్ప తాను రానని చేతితో సైగ చేశాడు. పాపం, గొంతు.

కంకర కుప్ప దాటి నున్నని రోడ్డు మీదనే జీపు ఆపి దిగాడు ఇన్‌స్పెక్టరు. ఎక్కడ తవ్వాలని అడిగితే ప్రభుదాసు జీపు చక్రాల కింద చూపించాడు. జీపు తీశారు. వెడల్పులో సగం మేర నలుగురు కూలీలు పారలు వేశారు. హులిగమ్మ తిమ్మక్క పక్కన నిలబడి కొంగు నోట కుక్కుకొని చూస్తున్నది. తన మొగుని ప్రాణం దక్కాలంటే ఆ మట్టిలో ఇంకొక ఆడదాని మొగుని శవం దొరకాలి. ఏ దేవునికి ఏమని మొక్కుకోవాలో ఆమెకు తెలియలేదు.

గరుసు లేచింది. దాని కింద ఎర్రగాజు పెంకులు మెరిశాయి, తరువాత లాంతరు చట్రం అప్పడమై వచ్చింది. పార పట్టినవాడు పార వదిలి వెనుకకు జరిగాడు. వెండి కడియం ఉన్న చెయ్యి నల్లరేగడిలో నుండి, ఎవరినో ఆగమన్నట్లు తెరచి ఉంది.

"సుంకప్ప," అన్నది తిమ్మక్క.

వీరభద్రప్ప టోపీ తీశాడు. తాను ఇందాక ఎక్కడ జీపు ఆపాడో జ్ఞాపకం వచ్చి రెండడుగులు పక్కకు జరిగాడు.

"వదిలేస్తానన్నారు," అని ప్రభుదాసు జ్ఞాపకం చేశాడు. తన విజయానికి రసీదు కావాలనే తొందర ఆయన గొంతులో ఉంది.

ఇన్‌స్పెక్టరు కాగితం మీద నాలుగు అక్షరాలు రాసి కానిస్టేబులుకు ఇచ్చాడు. "జీపులో పో. డాక్టరును పిలుచుకురా. ఆ జయన్నను వదలమని చెప్పు." జీపు ఎమ్మిగనూరుకు పోయింది. హులిగమ్మ నేల మీద చతికిలబడి ఏడ్చింది.

ఆ తరువాతనే ప్రభుదాసు గోతిలోకి దిగి, మట్టిని చేతితో తడిమాడు. ఇంకాస్త లోతుకు గడ్డపార గుచ్చి చూచాడు. ఎక్కడా రాయి తగలలేదు.

"రేగడి నేలలో రోడ్డు వేస్తే గరుసు కింద బండరాళ్ళు పరచాలి గదా? వానకు కుంగిపోకుండా."

"మూరెడు మందం పరచాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ పని మీదనే గదా వెంకోబరావు ఆదివారం కూడ ఇక్కడే పడి ఉన్నది. సోమవారం ఇంజనీరు వస్తాడు, ఆయన ముందు రోడ్డు తవ్విస్తానని..." ఆయన మాట అక్కడ ఆగింది.

రాళ్ళు ఉండవలసిన చోట సుంకప్ప ఉన్నాడు. మిగిలిన రోడ్డు కింద ఆయన పాటి వస్తువు కూడ లేదు.

ప్రభుదాసు గోతిలో నుండి పైకి చూచాడు. "తిమ్మక్కా, ఏసన్న కాక రోలరు తోలను వచ్చినవాళ్ళు ఈడ ఇంకెవరున్నారు?"

"కంట్రాక్టరు సామి లేడా? ఆయప్ప ముందు బళ్ళారిలో రోలరు డ్రైవరేనంట. ఏసన్న రాకుంటే తానే ఎక్కుతాడు."

"గొంతు పోయిన మనిషి గదా, పాపం."

"ఎవరికి పోయింది? నిన్న మాయిటాల, పొద్దు కుంకేటప్పుడు ఈడికొచ్చి, కంకర కుప్ప కురచగా ఉందని నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టె. ఆ పక్క సేన్లో వాళ్ళకు కూడ ఇనపడింది."

ఎమ్మిగనూరు దిక్కు నుండి ధూళి లేచింది. లారీ. దానికి ఎదురుగా, ఆదోని వైపు నుండి ఖాళీ పత్తిబండ్లు వరుసగా వస్తున్నాయి. సగం రోడ్డు గోతికి పోగా మిగిలిన సగంలో బండ్లు వచ్చి నిలిచాయి. లారీ గోతికి పది అడుగుల దూరంలో ఆగింది. డ్రైవరు స్థానంలో చెన్నబసప్ప. పక్కన జయన్న, మూడు దినాల తరువాత గాలి పీల్చుకుంటున్న మొగంతో.

జయన్న కిటికీలో నుండి తల బయట పెట్టి పెండ్లాన్ని చూచాడు. "ఆదోనిలో ఎద్దులున్నాయి గదా! సామి తానే వచ్చి లారీలో ఎక్కించుకున్నాడు. పిలుచుకొని వస్తా, నువ్వు ఇంటికి పో."

హులిగమ్మ కన్నీళ్ళతోనే కంట్రాక్టరుకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"లారీ ఆపండి," అంటూ ప్రభుదాసు గోతిలో నుండి పైకి ఎక్కబోయాడు. అంచు మట్టి జారి మరల లోపలికి, సుంకప్ప పక్కకే పడ్డాడు.

చెన్నబసప్ప గోతిని చూచాడు. గోతిలోని వారిని చూచాడు. తరువాత ఎదుట దారికి అడ్డంగా నిలిచిన జత ఎద్దులను చూచాడు. మనిషి తన గొంతును పోలీసుల ముందర మూడు దినాలు కట్టేయగలడు కాని, పుట్టినప్పటి నుండి ఎద్దులను పిలిచిన అలవాటును కట్టేయలేడు. తొందరలో మఫ్లరు జారింది. కిటికీలో నుండి వంగి, మెత్తగా, స్పష్టంగా పిలిచాడు.

"బా బసవా, బా."

లారీ చప్పుడులో అది ఎద్దులకూ జయన్నకూ మాత్రమే వినపడింది. ఎద్దులు పక్కకు జరిగాయి. జయన్న మొగంలోని నవ్వు అట్లే ఉండిపోయింది. దాని వెనుక ఉన్న మనిషి మాత్రం లేడు. వాడు మెల్లగా తల తిప్పి తన పక్కన కూర్చున్నవానిని చూచాడు. వాని చెయ్యి తలుపు మీదికి పోయింది. చెన్నబసప్ప చెయ్యి అంతకంటె ముందుగా వాని భుజం మీద, స్నేహితుని చెయ్యి వలె, పడింది.

లారీ కదిలింది. పాత రోడ్డయితే ఆ గొయ్యి దారినంతా మూసి ఉండేది. బండ్ల వెనుక లారీ సాయంకాలం దాక నిలబడి ఉండేది. కొత్త రోడ్డు ఎంతో వెడల్పు. లారీ గోతి పక్క నుండి, బండ్ల పక్క నుండి, దేనికీ తగలకుండా, రాచమర్యాదతో దాటిపోయింది.

జీపు ఎమ్మిగనూరులో ఉంది. ఇన్‌స్పెక్టరు పిస్తోలు తీసేసరికి ధూళి తప్ప గురి పెట్టటానికి ఏమీ మిగలలేదు. ఆ ధూళికి హులిగమ్మ ఇంకా దండం పెడుతూనే ఉంది.